బెల్లం ఊరి నుంచి బూడిద లోయకు

సంక్రాంతి దాటాక అనకాపల్లి చుట్టుపక్కల ఏ ఊరి దారి పట్టినా కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుంది, ఎక్కడో బెల్లం వండుతున్నారని. గానుగ ఆడిన చెరకు పిప్పిని ఎండబెట్టి, అదే పొయ్యిలోకి తోస్తారు. పెద్ద పెనంలో రసం మరుగుతుంటే పైకి తేలే తెట్టు తీసేస్తూ, పాకం ముదిరాక దించి దిమ్మ కడతారు. ఈ దిమ్మలు చేరే అనకాపల్లి మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. బెల్లం మీద రాయడానికైతే ఇక్కడే ఆగిపోవచ్చు. నా దారి వేరు. ఆదిమానవుల కాలంలో ఈ నేల మీద ఏం పెరిగేదో, ఎంత వాన పడేదో తేల్చడానికి శాస్త్రవేత్తలు వాడే ఆనవాలు ఒకటి ఈ పెనంలోనూ ఉంటుంది. దాన్ని చూసి, అటు నుంచి భీమిలి ఎర్రమట్టి దిబ్బలకు, ఆ పైన నంద్యాల జిల్లా జ్వాలాపురానికి వెళ్లాలని బయల్దేరాను.

పెనం దగ్గర కూర్చున్న పెద్దాయన నన్ను కాసేపు గమనించి, "ఏటి బాబూ, బెల్లం కావాలా, ఫొటోలు కావాలా?" అన్నాడు.

"రెండూ వద్దు తాతా. చెరుకు గాలిని ఎలా తింటుందో చూద్దామని వచ్చాను."

"చెరుకు నీళ్లు తాగుతాది. గాలి తింటాదేటి?" అని నవ్వి, ఒక చిన్న ముక్క చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

తింటుంది. ఆ ముక్కలోని తీపంతా ఒకప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడే. కార్బన్‌లో తేలికది, బరువుది అని రెండు రకాలు స్థిరంగా ఉంటాయి. బరువుది నూటికి ఒక పాలు, అంతే. మర్రి, చింత, వరి, తాడి, కొబ్బరి లాంటివి గాలి పీల్చేటప్పుడు ఈ బరువు కార్బన్‌ను చాలావరకు వదిలేస్తాయి. చెరుకు, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, వేడి దేశాల్లో పెరిగే గడ్డి అంత పట్టింపు చూపించవు. ప్రయోగశాల కొలబద్ద మీద మొదటి జట్టు ఇంచుమించు మైనస్ 27 దగ్గర, రెండోది మైనస్ 12 దగ్గర తేలతాయి. మధ్యలో పెద్ద ఖాళీ. అందుకే తాటిబెల్లాన్నీ చెరకు బెల్లాన్నీ రుచి చూడకుండానే యంత్రం విడదీసి చెప్పగలదు. తేనెలో పంచదార పాకం కలిపిన వ్యాపారిని పట్టుకునేదీ ఈ లెక్కతోనే.

ఈ గుర్తు మొక్క చచ్చినా పోదు. వేళ్లు వదిలిన గాలి నేలలో సున్నపు గడ్డలుగా పేరుకుంటే వాటిలోకి వస్తుంది. గడ్డి మేసిన దుప్పి పంటి పింగాణీలోకి వస్తుంది. ఆకు పైనున్న మైనపు పూతలో నిలిచి, ఏటి నీళ్లతో సముద్రం అడుగుకు చేరుతుంది. లక్ష ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ గడ్డనో, ఆ పంటినో యంత్రంలో పెడితే అక్కడ అడవి నీడ ఉండేదో, గడ్డి బయలు ఉండేదో తెలుస్తుంది.

మనిషి పుట్టుక కథలో ఈ గడ్డి గొడవ చిన్నది కాదు. 1925లో రేమండ్ డార్ట్ దక్షిణాఫ్రికాలో దొరికిన టాంగ్ పిల్లవాడి పుర్రెను లోకానికి చూపించినప్పుడే, అడవి వదిలి బయలులో బతకాల్సి రావడమే మన పూర్వీకుల బుద్ధికి పదును పెట్టిందని వాదించాడు. అడవి పలచబడింది, గడ్డి పెరిగింది, కోతి నిలబడి నడిచింది అన్న పాఠం అలా బడి పుస్తకాల దాకా వచ్చింది. తర్వాత 2009లో ఇథియోపియాలోని 44 లక్షల ఏళ్ల నాటి ఆర్డిపిథెకస్ వివరాలు బయటపెట్టినవాళ్లు అది చెట్ల మధ్య తిరిగిన జీవి అన్నారు. రెండు కాళ్ల మీద నడవగలిగింది, కానీ బయలులో కాదు. 2011లో థుర్ సెర్లింగ్ బృందం తూర్పు ఆఫ్రికా పాత నేలల్లోని సున్నపు గడ్డలు కొలిచి, గత 60 లక్షల ఏళ్లలో మన పూర్వీకులున్న చోట్లలో ఎక్కువభాగం సగం కంటే తక్కువ చెట్ల నీడలోనే ఉండేవని లెక్క చెప్పింది. పుర్రెలు చూసి పోట్లాడుకున్నవాళ్లు చివరికి మట్టి దగ్గరికి రావలసి వచ్చింది.

మన దేశంలో ఆ అవసరం ఇంకా ఎక్కువ. ఆఫ్రికాలో ఎముకలు గుట్టలుగా దొరికాయి. మనకు దొరికిన అతి పాత మానవ శిలాజం నర్మద ఒడ్డున హత్నోరాలో 1982లో అరుణ్ సొనాకియా కనుగొన్న పుర్రె ముక్క. అది తప్పిస్తే పాతకాలపు ఎముకలు దాదాపు శూన్యం. రాతి పనిముట్లు మాత్రం లెక్కలేనన్ని. పనిముట్టు చేసింది ఎవరో రాయి చెప్పదు. ఆ రాయి ఉన్న పొర చెప్పగలిగింది అప్పటి నేల గురించి, నీటి గురించి. కాబట్టి మన దగ్గర ఆదిమానవుడి చరిత్ర ముందుగా గడ్డి చరిత్ర, వాన చరిత్ర, ఊటల చరిత్ర. ఈ ప్రయాణంలో నేను వెతికింది దాన్నే.

అనకాపల్లి వచ్చినవాళ్లు శంకరంలోని బొజ్జన్నకొండకు వెళ్లకుండా పోరు. నేనూ వెళ్లాను. రాతిని తొలిచి చేసిన స్తూపాలు, గుహలు, పైనుంచి పొలాలు. బాగుంది. మనం చూస్తున్న కాలానికి ఇది నిన్న మొన్నటిది. అక్కడి నుంచి కొండకర్ల ఆవ అనే సరస్సు వైపు తిరిగాను.

ఆవలో తాటి దోనె ఎక్కితే మోకాళ్లు ముడుచుకొని కదలకుండా కూర్చోవాలి. తాటి మొద్దులు తొలిచి జతగా కట్టిన దోనె అది. తామరాకుల మధ్య నుంచి వెళుతుంటే నీటి కోళ్లు చప్పుడు చేసుకుంటూ పక్కకు తప్పుకుంటాయి. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. వీటన్నిటినీ చూడమని అందరూ చెబుతారు. నన్ను పట్టిన ఆలోచన నీటి కింది బురద గురించి. ఇలాంటి నిలవ నీటి అడుగున ఏటేటా గాలి తెచ్చిన పుప్పొడి దిగుతుంది. గాలి సోకని బురదలో పుప్పొడి గింజ పైతొడుగు వేల ఏళ్లు చెడదు. ఏ మొక్కది ఆ మొక్కకే చెందిన ఆకారం. గొట్టం దింపి బురదను నిలువుగా పైకి లాగితే, కింద నుంచి పైకి అడవి ఎప్పుడు పోయిందో, వరి ఎప్పుడు వచ్చిందో వరుసగా లెక్కపెట్టవచ్చు.

ఇదే పనిని గోదావరి ముఖద్వారం ఎదుట సముద్రంలో పెద్ద ఎత్తున చేశారు. 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం ఓడ మీద నుంచి సముద్రపు అడుగు తవ్వినప్పుడు వచ్చిన బురద స్తంభాల్లో ఒకదాన్ని వాతావరణ పరిశోధకులు తీసుకున్నారు. గోదావరి కొట్టుకొచ్చిన ఆకుల మైనం అందులో పొరలుపొరలుగా ఉంది. కామిలో పాంటన్, లివియు జియోసన్ బృందం 2012లో ప్రచురించిన ఫలితం ప్రకారం, సుమారు 4,000 ఏళ్ల కిందట నుంచి గోదావరి పరీవాహక ప్రాంతంలో కరువును తట్టుకునే మొక్కలు క్రమంగా పెరిగాయి. 1,700 ఏళ్ల కిందటి నుంచి అవే స్థిరపడ్డాయి. ఆ ఎండుదనం పెరుగుతున్న కాలంలోనే దక్కనులో రైతు గ్రామాలు స్థిరపడ్డాయి. ఇంధనం కోసం వేసిన గొట్టంలో నుంచి ఊరి పుట్టుక కథ బయటపడింది.

దోనె నడిపే మనిషిని అడిగాను, ఆవ ఎప్పుడైనా పూర్తిగా ఎండిందా అని. "మా తాత చెప్పేవోడు బాబూ, ఒక పాలి ఎండితే మధ్యలోంచి నడిచి అవతల ఊరికెల్లిపోయారంట" అన్నాడు. ఆ మాటకు రుజువు కావాలంటే బురదనే అడగాలి. చెరువు ఎండిన ఏడు బురద పగిలి గట్టి పొరగా మిగులుతుంది.

పూడిమడకలో సముద్రం దగ్గర కొంచెంసేపే ఉన్నాను. కానీ ఆ ఊరి వలల గురించి ఒక మాట చెప్పాలి. సుమారు 20 వేల ఏళ్ల కిందట, చివరి హిమయుగం ముదిరినప్పుడు, ప్రపంచపు నీటిలో చాలా భాగం నేల మీద మంచుగా గడ్డకట్టి, సముద్ర మట్టం ఇప్పటికంటే ఇంచుమించు 120 మీటర్లు దిగిపోయింది. అంటే ఈ తీరం కొన్ని పదుల కిలోమీటర్లు తూర్పుకు జరిగి ఉండేది. పూడిమడక పడవలు వలలు వేసే చోట అప్పట్లో ఇసుక బయలు, ఏటి పాయలు, బహుశా జింకల మందలు. శారదానది ఇప్పుడు కలిసే చోట కలవక, ఇంకా దూరం నడిచి సముద్రాన్ని చేరేది. ఆ తీరం వెంట మనుషులు బతికి ఉంటే, వాళ్ల నిప్పుగుంటలు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. తీరంలో వెతికి "ఇక్కడ ఎవరూ లేరు" అని తేల్చేసే పండితుల మాట నేను అంత తొందరగా నమ్మను.

ఆ పోయిన తీరం నుంచి గాలి తెచ్చిన ఇసుకను చూడాలంటే భీమిలి దారి పట్టాలి.

విశాఖ దాటి బీచ్ రోడ్డు మీద, తొట్లకొండ కింద నుంచి వెళుతుంటే భీమిలికి కాస్త ముందు ఎడమ పక్కన నేల ఒక్కసారిగా ఎర్రబడుతుంది. ఎర్రమట్టి దిబ్బలు. సినిమాల్లో చూసినవాళ్లు అక్కడికి వెళ్లి రీల్స్ తీసుకుంటారు. నేను వెళ్లిన రోజూ ఒక పెళ్లి జంట ఫొటోల కోసం వచ్చి ఉంది. పెళ్లికూతురు చీర కొంగు ఇద్దరు పట్టుకుని గాలికి ఎగరేస్తున్నారు. వాళ్లను దాటి ఒక వాగులోకి దిగాను. దిబ్బలను వాన నీరు కోసి చేసిన సందులవి. చెట్టు కొమ్మల్లా చీలుతూ లోపలికి పోతాయి. కొంచెం దూరం వెళ్లాక రోడ్డు మోత వినపడదు. రెండు పక్కలా నిలువు గోడలు. చేత్తో రాస్తే గోడ రాలుతుంది. ఇది రాయి కాదు, గట్టిపడ్డ ఇసుక.

1886లో ఈ దిబ్బల గురించి మొదట రాసినవాడు భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్. అదే సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ వచ్చింది, తిరుమల కొండలతో పాటు. ఇలాంటి తీరపు ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో ఇక్కడ, తమిళనాడు తేరి నేలల్లో, శ్రీలంకలో తప్ప చెప్పుకోదగ్గట్టు లేవు. పొరలు కింద నుంచి చూస్తే పసుపు ఇసుక, దాని మీద గట్టి గుళికలతో ఎర్ర గోధుమ రంగు ఇసుక, ఆపైన ఇటుక రంగు ఇసుక, అన్నిటికంటే పైన మళ్లీ లేత పసుపు. ఈ రంగుల మెట్లే అప్పటి వాతావరణపు డైరీ.

ఇసుక పుట్టుక ఇలా. వెనక కనిపించే కొండలు ఖోండలైట్ రాయివి. అందులో గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలు. వాన దాన్ని అరగదీసి, వాగులు మోసుకెళ్లి, అలలు జల్లించి, తీరంలో పరిచాయి. విశాఖ తీరంలో అక్కడక్కడా ఇసుక నల్లగానో, దానిమ్మ గింజ రంగులోనో ఉండడం ఇందువల్లే. నల్లది ఇల్మనైట్. సముద్రం వెనక్కి జరిగినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. తర్వాత వానలు తడిపి, ఎండ ఎండగట్టి, ఆ ఖనిజాల్లోని ఇనుము కరిగి, ప్రతి రేణువుకూ ఎర్ర పూత పూసింది. గాలి పాత్ర ఎంత, వాగు పాత్ర ఎంత, సముద్రం పాత్ర ఎంత అన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ పంచాయితీ పెట్టుకుంటారు. దిబ్బల వయసు 18,500 నుంచి 20,000 ఏళ్లని సాధారణంగా చెప్పే మాట. ఎరుపు ఎక్కడానికి మాత్రం ఇసుక పోగైతే చాలదు, ఆ తర్వాత తడి కాలాలూ కావాలి. కాబట్టి ఒక్క గోడలో పొడి గాలి, తడి వాన రెండూ ఉన్నాయి.

ఇసుక వయసు కట్టే పద్ధతి ముచ్చటైనది. క్వార్ట్జ్ రేణువు ఎండలో ఉన్నంతసేపు దాని గడియారం సున్నా దగ్గరే ఉంటుంది. మీద ఇంకో పొర పడి చీకటైన క్షణం నుంచి, చుట్టూ మట్టిలోని సహజ రేడియోధార్మికత ఇచ్చే శక్తిని అది దాచుకోవడం మొదలుపెడుతుంది. చీకటి గదిలో ఆ రేణువు మీద వెలుగు వేస్తే దాచుకున్నది మెరుపుగా విడిచిపెడుతుంది. మెరుపు ఎంతో, చీకట్లో ఎంతకాలం ఉందో అంత. అందుకే నమూనా తీసేవాళ్లు గోడలోకి ఇనుప గొట్టం కొట్టి, రెండు మూతలూ బిగించి, వెలుగు సోకకుండా పట్టుకుపోతారు. ఎవరైనా పారతో గోడను గీకి "చూడండి ఎంత ఎరుపో" అని చూపిస్తే ఆ క్షణమే ఆ రేణువుల గడియారం మళ్లీ సున్నా.

ఈ దిబ్బల్లో రాతియుగపు పనిముట్లు దొరికాయి. గోళ్లంత చిన్న రాతి పలకల నుంచి నున్నగా సానపట్టిన గొడ్డళ్ల కాలం దాకా. తమిళనాడు తేరి దిబ్బల్లో ఇలాంటి చిన్న పనిముట్ల వయసును 1956లోనే ఫ్రెడరిక్ జాయ్నర్, బ్రిడ్జెట్ ఆల్చిన్ సముద్ర మట్టాల హెచ్చుతగ్గుల్ని బట్టి కట్టే ప్రయత్నం చేశారు. ఇసుక మెరుపు కొలిచే విద్య లేని రోజుల్లో ఎంత ధైర్యం! రాతి పనిముట్టును అలల కథతో ముడిపెట్టాలన్న ఆలోచన మాత్రం అప్పటి నుంచి పోలేదు. బొర్రా గుహల్లోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్రవేత్తలు 30 వేల నుంచి 50 వేల ఏళ్ల నాటివని భావించే పనిముట్లు కనుగొన్నారు. కొండ మీద గుహ, కింద ఎర్ర ఇసుక, ఇంకా కింద మునిగిపోయిన తీరం. మూడూ ఒకే మనుషుల చలికాలపు, ఎండాకాలపు మకాములేమో.

దిబ్బల పక్కనే ఇళ్ల స్థలాలు. 2024లో ఇక్కడ యంత్రాలు దిగి నేల చదును చేస్తున్నాయని ఊరివాళ్లు, పర్యావరణం పట్టించుకునేవాళ్లు గట్టిగా గొడవపెట్టారు. చదును చేసినవాళ్ల దృష్టిలో ఇది ఇసుకే. నిజమే, ఇసుకే. ఒక గుడి గోపురం కూల్చితే ఊరంతా లేస్తుంది. ఇసుక గోడ కూల్చితే ఎంతమంది లేస్తారు?

భీమిలి నుంచి మళ్లీ వెనక్కి వచ్చి, రైలెక్కి గుంటూరు మీదుగా నంద్యాల వైపు. కోస్తా పచ్చదనం రాత్రి చీకట్లోనే దాటిపోయింది. తెల్లారేసరికి మార్కాపురం చుట్టుపక్కల ఎర్రటి, రాళ్లు తేలిన నేల. ఈ వైపునే, ప్రకాశం జిల్లాలో 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు దొరికిందని 2024లో బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. నిప్పుకోడి అంటే మనం ఆఫ్రికా బొమ్మల్లో చూసే పక్షి. మన దేశంలోనూ ఉండేదని గుడ్డు పెంకుల్లోని డీఎన్ఏ ద్వారా 2017లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన ఖాయం చేసింది. నిప్పుకోడి దట్టమైన అడవిలో బతకదు. పరుగెత్తడానికి బయలు కావాలి. కాబట్టి ఒక పెంకు ముక్క దొరికితే, దాని చుట్టూ మైళ్ల కొద్దీ గడ్డి కూడా దొరికినట్టే.

గిద్దలూరు దాటి రైలు నల్లమల ఎక్కుతుంది. దిగువమెట్ట, బొగద సొరంగం, గాజులపల్లె. పక్క సీటులో పెద్దాయన సొరంగం రాగానే "బొగద" అని అందరికీ వినపడేలా చెప్పాడు, ఏదో ఇంటికి చుట్టం వచ్చినట్టు. ఈ కొండల్లో ఎల్.ఎ. కామియాడ్ అనే అధికారి రాతి పనిముట్లు ఏరి, మైల్స్ బర్కిట్‌తో కలిసి 1930లో ఒక వ్యాసం రాశాడు. పనిముట్లను నాలుగు వరసలుగా పేర్చి, ఒక్కొక్క వరసనూ ఏటి గులకరాళ్ల పొరల్లో కనిపించే తడి కాలాలకూ పొడి కాలాలకూ ముడిపెట్టారు ఇద్దరూ. ఏళ్లు కొలిచే పద్ధతి వాళ్ల చేతిలో లేదు. తడి, పొడి అన్న రెండు పేర్లతోనే కథ నడిపారు. వాళ్ల వరసలు ఇప్పుడు నిలవలేదు గానీ, పనిముట్టును వానతో కలిపి చదవాలని తెలుగు నేల మీద మొదట పట్టుబట్టినవాళ్లలో వాళ్లున్నారు.

నంద్యాలలో దిగి బనగానపల్లె. అక్కడి నుంచి జ్వాలాపురం. నల్లటి రేగడి, నాపరాయి గనులు, మధ్యలో జుర్రేరు అనే చిన్న ఏరు. ఊరి పొలాల మధ్య గుంతల్లో గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. సున్నం అనుకుంటాం. వేలితో రుద్దితే టాల్కం పొడిలా జారుతుంది.

"ఏం సార్, బూడిద చూసేదానికి వచ్చినారా?" గొర్రెలు తోలుకొచ్చిన ఆయన పలకరించాడు. వచ్చేవాళ్లు ఆయనకు కొత్త కాదు. "ముందర గిన్నెలు తోమే పొడికని తవ్వి తోలుకపోయేటోళ్లు. ఇప్పుడు దొరలు కూడా వచ్చి గుంతలు తవ్వి, కొలతలు పెట్టుకొని పోతారు. బూడిదకి ఇంత గిరాకీ ఏందో!"

గిరాకీకి కారణం ఇక్కడికి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలింది. గత 20 లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు లేదు. పేలిన గొయ్యి ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవున్న సరస్సు. గాలిలోకి లేచిన బూడిద బంగాళాఖాతం దాటి మన దేశం మీద కురిసింది. వంశధార లోయలోనూ, నర్మద, సోన్ లోయల్లోనూ దొరికింది. జుర్రేరు లోయలో కురిసింది కొన్ని సెంటీమీటర్లే అయినా, చుట్టూ గట్ల మీది బూడిద వానకు కొట్టుకొచ్చి పల్లంలో చేరి, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా పేరుకుంది. సూక్ష్మదర్శినిలో ఇది బూడిద కాదు, గాజు ముక్కలు. అందుకే గిన్నెల జిడ్డు అంత బాగా వదిలిస్తుంది.

ఆదిమానవుడి మీద పనిచేసేవాళ్లకు ఇంతకంటే మంచి గీత దొరకదు. ఒకే సంవత్సరం, దేశమంతా ఒకేసారి గీసిన గీత. కింద ఉన్నవి పేలుడుకు ముందువి, పైన ఉన్నవి తర్వాతవి. కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైఖేల్ పెట్రాగ్లియా బృందం ఈ గుంతల్లో తవ్వి 2007లో సైన్స్ పత్రికలో ఫలితం వేసింది. బూడిద కింద సుమారు 77 వేల ఏళ్ల నాటి రాతి పనిముట్లు. బూడిద పైన కూడా పనిముట్లు, దాదాపు అవే తరహావి.

దీనికి ముందు దశాబ్దంలో, 1998లో, స్టాన్లీ ఆంబ్రోస్ టోబా వల్ల భూమి చల్లబడి మనుషుల సంఖ్య కొన్ని వేలకు పడిపోయిందని వాదించాడు. జ్వాలాపురం ఆ వాదన మీద పడ్డ రాయి. మళ్లీ 2009లో మార్టిన్ విలియమ్స్, ఆంబ్రోస్ తదితరులు సోన్ లోయలో బూడిదకు కిందా పైనా ఉన్న సున్నపు గడ్డలను కొలిచారు. అనకాపల్లి పెనం దగ్గర చెప్పుకున్న ఆ కార్బన్ లెక్కే. కింద అడవి గుర్తు, పైన గడ్డి గుర్తు. మధ్య భారతంలో అడవి పోయి బయలు వచ్చిందన్నారు. 2013లో పాల్ మెల్లార్స్ బృందం ఇంకో వైపు నుంచి వచ్చి, బూడిద కింది పనిముట్లు మనవాళ్లవే అనడానికి ఆధారం లేదని, ఆధునిక మానవుడు ఇక్కడికి టోబా తర్వాతే చిన్న రాతి పలకలతో వచ్చాడని వాదించింది. ఎముక దొరికేదాకా ఈ తగవు తీరదు.

నాకు మాత్రం సోన్ వాదన, జ్వాలాపురం వాదన ఒకదాన్నొకటి కొట్టేసేవిగా అనిపించలేదు. సోన్ దగ్గర అడవి పోయి ఉండవచ్చు. జుర్రేరు దగ్గర మనుషులు నిలదొక్కుకొని ఉండవచ్చు. కారణం నేలలో ఉంది. కోరిశెట్టర్ ఎప్పటి నుంచో చెబుతున్నది ఇదే. కడప, కర్నూలు ప్రాంతపు ఈ పాత రాతి పొరల కింద నీళ్లు నిలుస్తాయి, ఊటలుగా ఏడాది పొడవునా బయటికొస్తాయి, కరువు కాలంలో మనుషులూ జంతువులూ ఇలాంటి చోట్లకే చేరతాయి. ఆ మాట మీద నమ్మకం కలగాలంటే పుస్తకం అక్కర్లేదు. పక్కనే యాగంటి గుడి. రాయలసీమ ఎండల్లోనూ అక్కడి కోనేట్లో నీరు తగ్గదు. నంది నోట్లో నుంచి పడే నీటి కింద తల పెట్టి, బయట మండుతున్న మధ్యాహ్నాన్ని తలచుకుంటే, 74 వేల ఏళ్ల కిందట బూడిద మేఘం కింద ఇలాంటి ఊట ఎంత విలువైనదో ఒంటికే తెలుస్తుంది.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల సాక్ష్యం కూడా ఇటువైపే మొగ్గుతుంది. 1844లో న్యూబోల్డ్ వీటి గురించి రాశాడు. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వారు. బయటపడ్డ ఎముకల్లో ఖడ్గమృగం ఉంది. రిచర్డ్ లైడెకర్ దానికి కర్నూలు పేరే పెట్టాడు. కర్నూలులో ఖడ్గమృగం అంటే ఇప్పుడు నవ్వుతారు. 2014లో పాట్రిక్ రాబర్ట్స్ బృందం ఈ గుహల్లో రెండు లక్షల ఏళ్ల పొరలు పరిశీలించి, గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో ఒకటి తప్ప మిగిలినవన్నీ ఆ కాలమంతా ఉపఖండంలో నిలిచి ఉన్నాయని చెప్పింది. హిమయుగాలు వచ్చాయి, టోబా పేలింది, అయినా ఒక్కటి తప్ప అన్నీ బతికాయి. అడవి, గడ్డి, రాతిగుట్ట, ఊట పక్కపక్కనే ఉన్న నేల కావడం వల్ల, ఒకటి చెడితే ఇంకోదానిలోకి జరిగే వీలుంది. మనిషికీ ఆ వీలే పనికొచ్చి ఉంటుంది. జంతువులు నిజంగా తగ్గిపోవడం మొదలైంది మన పొలాలు, మన ఊళ్లు పెరిగాకే.

గొర్రెల ఆయన వెళుతూ ఒక రాతి ముక్క ఏరి నా చేతిలో పెట్టాడు. అంచు పదునుగా ఉంది, పెచ్చులు తీసిన గుర్తులున్నాయి. "తీసుకపో సార్, నీకు పనికొస్తాది" అన్నాడు. పొలంలో దున్ని పైకి తేలిన రాయి, ఏ పొరదో చెప్పడానికి లేదు. అయినా అక్కడే గట్టు మీద పెట్టేశాను.

చదివేవారికి ఒక విన్నపం. భీమిలి దిబ్బల వాగుల్లోనో, జ్వాలాపురం గుంతల్లోనో, మీ ఊరి ఏటి గట్టు మీదనో చెక్కినట్టున్న రాయి, పాత ఎముక, గుడ్డు పెంకు కనిపిస్తే జేబులో వేసుకోకండి. గోడలో ఉంటే పీకకండి, గీకకండి. పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీసి, ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకొని, దగ్గరి విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర, పురావస్తు, మానవశాస్త్ర శాఖల్లో ఏదో ఒకదానికి పంపండి. పొరలో నుంచి ఊడిన రాయి ఇంట్లో షోకేసుకు మాత్రమే పనికొస్తుంది.